అడగందే అడుగు వెయ్యని భిక్షం

ఊపిరి పీల్చడం తప్ప మరే పనీ భిక్షం ఎవరినో ఒకరిని అడగకుండా చేయడు. ఆ ఊపిరి సంగతి కూడా ఆయన భార్య అండాలుకు పూర్తి నమ్మకం లేదు. పుట్టినప్పుడు మంత్రసానిని అడిగే ఏడ్చి ఉంటాడని ఆమె అనుమానం.

పొద్దున లేవగానే "ఇయ్యాల ఏ అంగి తొడగాల్నే?" అని అడుగుతాడు. "నీలంది తొడుగు" అంటుంది అండాలు. సరేనంటాడు. నీలం చొక్కా చేత్తో పట్టుకుని గేటు దాకా పోయి పాలాయనను అడుగుతాడు. పాలాయనకు తెల్లది నచ్చుతుంది. రెండు చొక్కాలూ పట్టుకుని, ఒంటి మీద బనీనుతో, మూలమలుపులో ఉన్న ఇస్త్రీ బండి దగ్గరికి నడుస్తాడు. అక్కడ కాటమయ్య రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసి, "రెండు నలిగినయి అన్నా, ఇటియ్యి" అని లాక్కుంటాడు. ఆ పూట భిక్షం మధ్యాహ్నం దాకా బనీను మీదే ఉంటాడు.

కొడుకు పుట్టినప్పుడు పేరు కోసం ఊరంతా తిరిగాడు. పదకొండు నెలల పాటు ఆ పిల్లవాడు టీకాల కార్డు మీద కూడా 'బాబు'గానే ఉన్నాడు. చివరికి విసిగిపోయిన పోస్ట్‌మన్ "కృష్ణకాంత్ అని పెట్టి నన్ను ఇడిసిపెట్టన్నా, ఇంకా మస్తు ఉత్తరాలున్నయి" అంటే ఆ పేరు ఖాయమైంది.

ఇంకోసారి మొగుడూ పెళ్లాలు హైదరాబాద్‌లో ఒక పెళ్లికి బయల్దేరారు. చాయ్ తాగడానికి నార్కట్‌పల్లిలో పది నిమిషాలు బస్సు ఆపారు. భిక్షం హోటల్లోకి పోయి ఇడ్లీ తినాలా, పూరీ తినాలా అని సర్వర్‌ను అడిగాడు. సర్వర్ పూరీ అన్నాడు. గల్లా మీద కూర్చున్నాయన ఇడ్లీ అన్నాడు. ఓట్లు సరిసమానంగా ఉన్నాయి కదా అని పక్క బల్ల మీదున్న మిర్యాలగూడ మనిషిని అడిగితే ఆయన వడ తెమ్మన్నాడు. వడ కూడా బరిలోకి దిగేసరికి బస్సు వెళ్లిపోయింది. పెళ్లింట్లో "ఆయన రాలేదా?" అని అడిగిన వాళ్లందరికీ అండాలు ఒకే జవాబు చెప్పింది: "నార్కట్‌పల్లిల ఉన్నడు. ఆలోచన చేస్తున్నడు."

ఈ గుణం పనికొచ్చింది ఒక్కచోటే. కరెంటు శాఖలో ముప్ఫై మూడేళ్లు లైన్‌మన్‌గా చేశాడు భిక్షం. స్తంభం ఎక్కే ముందు లైను బంద్ చేశారా అని సబ్‌స్టేషన్‌కు మూడుసార్లు ఫోన్ చేసేవాడు. కింద నిలబడ్డ వాళ్లను మూడుసార్లు అడిగేవాడు. సగం ఎక్కి మళ్లీ దిగి మరోసారి అడిగేవాడు. పది వేళ్లకు పది వేళ్లతో రిటైరయ్యాడు. ఎక్కీ దిగీ మోకాళ్లు మాత్రం అరిగాయి.

రిటైరై నల్గొండలో ఇంటిపట్టున ఉన్న రెండేళ్లలో బరువు తొంభై నాలుగు కిలోలకు చేరింది. షుగర్ పెరిగింది. దవాఖానలో డాక్టరు గట్టిగానే చెప్పాడు. రోజూ నలభై నిమిషాలు గుండె దడదడలాడేలా ఒళ్లు కదిలించాలి. మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాలి, లేకపోతే ఇన్సులిన్ సూది తప్పదు. సూది అన్న మాట వినగానే అండాలు బెదిరిపోయింది. మొగుడికి ఏమన్నా అయితే తట్టుకోలేదు ఆమె. పైగా ఆ సూది కుడి చేతికా, ఎడమ చేతికా అని ఊరంతా అడిగొస్తాడు, ఆలోపు పుణ్యకాలం కాస్తా అయిపోతుంది. గబగబా మందుల కౌంటర్ దగ్గర వరసలో నిలబడింది. భిక్షం లోపలే డాక్టరు దగ్గర ఇంకాసేపు ఉండి వచ్చాడు.

రోడ్డు మీద నడుద్దామంటే కుదరలేదు. ఏ సందులోకి తిరగాలో తేలక మలుపులో నిలబడిపోయిన మనిషిని చూసి కుక్కలు దొంగ అనుకున్నాయి. రెండు రోజులు తరిమాయి. మూడో రోజు జడ్చర్లలో మందుల కంపెనీలో పనిచేసే కృష్ణకాంత్ ఫోన్ చేశాడు.

"బాపూ, ఇంట్లనే మిషిన్ పెట్టుకుందాం. నేను కొంట. ట్రెడ్‌మిల్ కావాల్నా, ఎలిప్టికల్ కావాల్నా?"

అప్పటికి ఆ పిల్లవాడికి ముప్ఫై రెండేళ్లు. తండ్రి ముందు రెండు వస్తువులు పెట్టి ఏది కావాలని అడగకూడదన్న జ్ఞానం ఇంకా రాలేదు.

"జర ఆగు బిడ్డా. అడిగి చెప్త" అన్నాడు భిక్షం.

ఫోన్ పక్కనే కూర్చున్న అండాలు నెత్తి పట్టుకుంది.

ఆ మర్నాటి నుంచి వాడకట్టులో ఎవరికీ మనశ్శాంతి లేదు. కూరగాయల బుట్ట దింపుతున్న హనుమమ్మ మొదట దొరికింది.

"చెల్లే, ఒక మిషిన్ ఏమో పట్టా లెక్కుంటది. మనం నడుస్తాంటే కాళ్ల కిందికెళ్లి ఎనక్కి పోతది. ఇంకోటి గిట్ల" అని భిక్షం రెండు పిడికిళ్లు బిగించి, చేతులు ముందుకీ వెనక్కీ ఊపుతూ, కాళ్లు గుండ్రంగా తిప్పుతూ నడిరోడ్డు మీద చూపించాడు.

"పీర్ల పండుగల దూలా ఆడినట్టున్నది గదన్నా! దాని పేరేంది?"

"ఎలిప్టికల్."

"ఎల్లిగడ్డనా?"

"ఎల్లిగడ్డ కాదు. ఎలిప్టికల్."

"అదే తీస్కో. ఎల్లిగడ్డ గుండెకు మంచిది" అని తేల్చేసి హనుమమ్మ వెల్లుల్లిపాయలు సర్దుకుని బుట్ట ఎత్తుకుంది. ఆనాటి నుంచి వాడకట్టులో దాని పేరు ఎల్లిగడ్డ మిషినే అయింది.

కాటమయ్యది వేరే లెక్క. "అన్నా, నెల రోజులు ఎక్కుతవ్, తర్వాత దాని మీద బట్టలారేస్తవ్. అందరిండ్లల్ల గంతే. ఎల్లిగడ్డ మిషిన్‌కు రెండు కట్టెలే ఉంటయంటివి, రెండంగీలు పడ్తయి. పట్టా మిషిన్ మీద చీర గూడ ఆరుతది. ఇంట్ల వదిన ఉన్నది, ఆమె గురించి గూడ ఆలోచించాలె."

ఫంక్షన్ హాలు కాపలాదారు సోమన్న పగలంతా కుర్చీలో ఒంటరిగా కూర్చుంటాడు. ఆయన దగ్గర భిక్షం మూడు మధ్యాహ్నాలు గడిపాడు. మొదటి రోజు సోమన్న ట్రెడ్‌మిల్ అన్నాడు. రెండో రోజు, కరెంటు పోతే మనిషి ఎగిరి ముందు పడతాడని అనుమానం వచ్చి మాట మార్చాడు. మూడో రోజు ఇద్దరూ కలిసి కరెంటు ఎందుకు పోతుందో మాట్లాడుకున్నారు.

ఇవన్నీ చూసి అండాలుకు ఒళ్లు మండేది. వాళ్ల పక్కిల్లే గోపీకృష్ణ సారుది. రిటైర్డ్ హెడ్మాస్టరు. రోజుకు గంటసేపు వ్యాయామం వీడియోలు చూస్తాడు. సలహా అడిగేవాళ్ల కోసం ఎప్పుడూ గేటు మీద చెయ్యి వేసుకుని నిలబడే ఉంటాడు.

"ఏందయ్యా, తెలిసిన సారును పక్కకు పెట్టుకొని కూరగాయలామెను, ఇస్త్రీ ఆయనను అడుగుతవేంది? సారు ఐదు నిమిషాలల్ల తేలుస్తడు."

"సారును అందరడుగుతనే ఉంటరు గదనే" అనేవాడు భిక్షం, చెప్పులేసుకుంటూ.

నెలన్నర గడిచింది. బరువు తొంభై నాలుగు దగ్గరే గట్టిగా కూర్చుంది. ఆదివారం నాడు కృష్ణకాంత్ జడ్చర్ల నుంచి వచ్చాడు.

"బాపూ, ఇయ్యాల దుకాణానికి పోదాం. ఒకటి చెప్పు."

"ఇంకొక్కరు చెప్పేదున్నది బిడ్డా. గామె చెప్పంగనే కొందాం."

"ఎవలు?"

"సాలమ్మ పెద్దమ్మ."

ఈ మాటతో అండాలు ఓపిక నశించింది. సాలమ్మ ఎదురు వరసలో ఉండే బడిపంతులమ్మ స్వరూప తల్లి. ఏడాది కింద పెనిమిటి పోతే కట్టంగూరు అవతల పల్లె నుంచి బిడ్డ దగ్గరికి వచ్చింది. వచ్చిననాటి నుంచీ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. పలకరిస్తే తల ఊపుతుంది, అంతే. యాభై ఏళ్లు నాట్లేసి, కలుపు తీసి, బర్లను మేపిన మనిషి. ఆమెకు ట్రెడ్‌మిల్ ఏం తెలుసు, ఎలిప్టికల్ ఏం తెలుసు?

"ఆమె నోరు తెరిచేటాల్లకు నీకు సూది పడ్తది" అంది అండాలు. "పో, నకిరేకల్‌ల పెళ్లున్నదంటివి గద, మంగళవారం పోయిరా."

మంగళవారం పొద్దున భిక్షం నకిరేకల్ బస్సెక్కాడు. ఎక్కే ముందు కిటికీ పక్క సీటా, లోపలి సీటా అని కండక్టర్‌ను అడుగుతుంటే అండాలు వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చింది. పదకొండు గంటలకు, తల్లీ కొడుకులు ఆదివారమే గుట్టుగా బయానా ఇచ్చిన ట్రెడ్‌మిల్ ఆటో ట్రాలీలో దిగింది. దుకాణం వాళ్లు ముందు గదిలో బిగించి, ఏ మీట నొక్కితే ఏమవుతుందో చెప్పి వెళ్లిపోయారు. నల్లగా నిగనిగలాడుతున్న పట్టాను చూసి అండాలుకు కడుపు నిండింది. ముప్ఫై ఆరేళ్లలో మొట్టమొదటిసారి ఆ ఇంట్లోకి ఎవరినీ అడగకుండా ఒక వస్తువు వచ్చింది.

ఆమె ఇంకా దాని మీద చెయ్యి వేసి నిమురుతుండగానే గేటు చప్పుడైంది.

కిటికీలోంచి చూస్తే సాలమ్మ! చీర చెంగు నడుముకు గట్టిగా చుట్టుకుంది. కాళ్లకు మనవరాలివి కాబోలు, గులాబీ రంగు లేసులున్న తెల్లటి స్పోర్ట్స్ షూలు. చెమటలు కారుతున్నాయి. ఏడాదిగా కుర్చీ దిగని మనిషి దబదబా నడుచుకుంటూ వాకిట్లోకి వచ్చేసింది.

అండాలు గబుక్కున చేతికందిన దుప్పటి లాగి ట్రెడ్‌మిల్ మీద కప్పింది.

"మీ ఆయన ఉన్నడా బిడ్డా?"

"పెండ్లికి పోయిండు పెద్దమ్మా. రా, కూసో."

"కూసునే పని లేదు, జవాబు చెప్పిపోదామని వచ్చిన." అని మళ్లీ తనే దుప్పటి కప్పిన దాని అంచు మీద కూర్చుంది. "మీ ఆయన నన్నొక మాట అడిగిండు గద. ఏ మిషిన్ మంచిదని. నాకేమెర్క? రెండిట్లకెళ్లి ఒక్కటన్న నేను చూస్తినా? చూడకుండ ఎట్ల చెప్త? అందుకని పోయిన."

"ఏడికి పోయినవ్?"

"జిమ్ముకు."

అండాలు అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది.

పెద్ద రోడ్డు మీద ప్రేమ్‌సాగర్ అనే కుర్రాడి జిమ్ము ఉంది. పొద్దున పదింటికి ఆడవాళ్లు వస్తారని స్వరూప అంటుంటే సాలమ్మ విన్నది. మనవరాలి షూలు అడిగి తొడుక్కుని, దారి కనుక్కుంటూ నడిచి పోయింది. లోపలికి వచ్చిన పెద్దామెను చూసి ప్రేమ్‌సాగర్ "ఎవలు కావాలె అవ్వా?" అన్నాడు. "ఎవలొద్దు. ఎల్లిగడ్డ మిషిన్ ఏది?" అంది సాలమ్మ.

"మొదలు పట్టా మిషిన్ ఎక్కిన బిడ్డా. నేను నడుస్తున్ననో, అది నన్ను గుంజుకపోతున్నదో తెల్వదు. జర నిలవడి చెమట తుడుసుకుందమంటే ఊకోదు. ఎనక్కి ఇసిరేస్తది. 'ఆపురా కొడుకా' అని ఒర్లితే ఆ పిలగాడు ఉరికొచ్చి ఆపిండు. తర్వాత ఎల్లిగడ్డది ఎక్కిన. అది మంచిది. మనం ఆగితే అదీ ఆగుతది. పాదం లేసుడు లేదు, పడుడు లేదు, మోకాలుకు దెబ్బ తగలది. మీ ఆయన స్తంభాలెక్కిన మోకాళ్లాయె."

"ఒక్కరోజే గంత తెలిసిందా పెద్దమ్మా?"

"ఒక్కరోజు కాదు, ఐదు రోజులు పోయిన. మొదటి రోజు అన్నీ మంచిగనే ఉంటయి. ఐదో రోజు గూడ మోకాళ్లు నొయ్యకుంటేనే ఖరారు. ఇయ్యాల ఐదో రోజు. నొయ్యలే."

అండాలు లోపలికి పోయి చల్ల కలిపి తెచ్చింది. సాలమ్మ గటగటా తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"నా బిడ్డ స్వరూప మస్తు మంచిది. కూసో అమ్మా అంటది. తిను అమ్మా అంటది. పండుకో అమ్మా అంటది. అల్లుడు గూడ గంతే, ఒక్క పని ముట్టనియ్యడు. ఏడాదిల నన్ను ఎవ్వలు ఏం అడగలే బిడ్డా. ఊర్లున్నప్పుడు ఇత్తనాలు ఎప్పుడెయ్యాలె, బర్రె ఎప్పుడీనుతది అని దినాం పదిమంది అడిగేటోళ్లు. ఈడికొచ్చినంక మీ ఆయనొక్కడే అడిగిండు. మరి ఊకె ఏదో ఒకటి చెప్పి పంపుతనా?"

అండాలు ఆమె షూల వంక చూసింది. లేసులు సరిగా కట్టుకోవడం రాక నాలుగు ముళ్లు వేసుకుంది సాలమ్మ.

"ఇంక కొనలేదు గద?"

"లేదు పెద్దమ్మా" అంది అండాలు. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే వింతగా ఉంది. "నువ్వు చెప్పకుండ ఎట్ల కొంటం?"

సాలమ్మ ముఖమంతా వెలిగింది. లేచి, చెంగు సవరించుకుంది. తను కూర్చున్న దుప్పటి మీద అరచేత్తో ఒకటి తట్టింది.

"ఇదేంది బిడ్డా, గింత పొడుగున్నది?"

"అది... ఇస్త్రీ బల్ల."

"ఆహాఁ." గేటు దాకా పోయి వెనక్కి తిరిగింది సాలమ్మ. "ఆ ఇస్త్రీ బల్ల వాపసు తీస్కుంటరేమో దుకాణపోళ్లను జల్ది అడుగు. ఆలస్యమైతే ఒప్పుకోరు."

ఆమె పోయాక అండాలు చాలాసేపు ఒక్కతే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ముప్ఫై ఆరేళ్ల కిందటి సంగతి గుర్తుకొచ్చి ఆగిపోయింది. మునుగోడు దగ్గర పుట్టింట్లో తనకు పెళ్లిచూపులు. అంతకుముందు రెండు సంబంధాల వాళ్లు వచ్చి పోయారు. వంట వస్తుందా, కుట్టు వస్తుందా అని తల్లిని అడిగారు, తండ్రిని అడిగారు. తనను ఎవరూ ఏమీ అడగలేదు. భిక్షం మాత్రం చేతులు కడుక్కునే వంకతో వెనక వసారాలోకి వచ్చి, "నేను నీకు నచ్చిన్నా? ఏమన్న మార్చుకోవాలంటే చెప్పు" అన్నాడు. అండాలు సిగ్గుపడుతూ "మీసాలు జర తగ్గించుకో" అంది. ఎంత తగ్గించాలో తేలక దోస్తులను నలుగురిని అడిగాడట. నలుగురూ తలా కొంచెం తగ్గించారు. పెళ్లి పీటల మీదికి అసలు మీసాలే లేకుండా వచ్చాడు. తలంబ్రాలు పోస్తూ అండాలు పకపకా నవ్వితే పెద్దవాళ్లు కసిరారు.

హనుమమ్మ, కాటమయ్య, సోమన్న, సాలమ్మ. ఈ నలుగురిలో ఎవరినీ వాడకట్టులో ఎవరూ ఎన్నడూ ఒక సలహా అడగరని అప్పుడు తట్టింది ఆమెకు.

సాయంత్రం భిక్షం పెళ్లి నుంచి వచ్చేసరికి ముందు గదిలో ట్రెడ్‌మిల్ లేదు. అండాలు దుకాణానికి ఫోన్ చేసి, గంటసేపు వాదించి, ఒక్క అడుగు కూడా వెయ్యలేదని ఒట్టేసి, పట్టా మిషిన్ వెనక్కి పంపించేసింది. జరిగిందంతా చెప్పింది. ఆ షూల ముచ్చటకు భిక్షం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.

"అయితే ఎల్లిగడ్డదే అన్నదా? డాక్టరు గూడ గదే అన్నడు."

"ఏ డాక్టరు? ఎప్పుడు?"

"మన డాక్టరే. నువ్వు మందుల కాడ నిలవడ్డవు సూడు, అప్పుడు. నా మోకాళ్లకు ఎలిప్టికలే మంచిది, ట్రెడ్‌మిల్ వద్దన్నడు."

అండాలు నడుం మీద రెండు చేతులూ పెట్టుకుంది. "మొదటి దినమే తెలిసిందా నీకు? తెలిసి నెలన్నర మమ్మల్నందరిని సతాయించినవా?"

"సతాయించుడేందే? అడిగిన" అన్నాడు భిక్షం, కొంచెం బెరుగ్గా. "ఆ పెద్దమ్మ దినామంత గా కుర్చీల కూసుంటది. ఎట్లున్నవంటే తలకాయ ఊపుతది. మాట్లాడియ్యాలంటే ఏదో ఒకటి అడగాలె గద. సోమన్న గూడ గంతే. నా తాన ఒక్క ప్రశ్ననే ఉండె, గదే అందరినడిగిన."

"మరి సూది పడ్తదన్న ఫికర్ లేదా నీకు?"

"ఉండె. అందుకనే పెద్దమ్మను జల్ది చెప్పు జల్ది చెప్పు అని దినాం అడిగిన. ఆమె ఐదు రోజులు కావాలన్నది. ఏం జేద్దాం?"

ఎలిప్టికల్ శుక్రవారం వచ్చింది. బిగించేటప్పుడు కాటమయ్య ఇస్త్రీ బండి వదిలేసి వచ్చాడు. హనుమమ్మ బుట్ట వాకిట్లో దింపింది. సోమన్న ఫంక్షన్ హాలుకు తాళం వేసి మరీ వచ్చాడు. గోపీకృష్ణ సారు గేటు మీది చెయ్యి తీసి లోపలికి రాబోయి, ఎవరూ ఏమీ అడక్కపోయేసరికి మళ్లీ వేశాడు. అది చూసి అండాలు గేటు దగ్గరికి పోయి, "సారూ, మిషిన్ ఏ దిక్కుకు తిప్పి పెట్టాలంటరు?" అంది. సారు తూర్పు దిక్కు గురించి పావుగంట చెప్పాడు.

సాలమ్మ కొబ్బరికాయ కొట్టింది. కొట్టి, ఎట్లా ఎక్కాలో చూపిస్తానని తనే ముందు ఎక్కింది. పది నిమిషాలైంది. ఇరవై అయింది. భిక్షం భుజాన తువ్వాలు వేసుకుని పక్కన నిలబడ్డాడు. ఆయన వెనక హనుమమ్మ, ఆమె వెనక కాటమయ్య వరస కట్టారు.

"పెద్దమ్మా, నన్ను ఎక్కనిస్తవా?"

"ఆగు బిడ్డా. ఇంక ఒళ్లు ఎచ్చగాలే" అంది సాలమ్మ, రెండు కట్టెలూ దూలా ఆడినట్టు ఊపుతూ.

ఇచ్చిన గడువులో మిగిలిన నెలన్నర గడిచాక దవాఖానకు పోతే భిక్షం బరువు ఎనభై ఏడు కిలోలు తూగింది. ఇంకా ఒక్క కిలో తగ్గాల్సి ఉన్నా షుగర్ దిగింది కాబట్టి సూది అక్కర్లేదన్నాడు డాక్టరు.

"బాగుంది. రోజుకు ఎంతసేపు చేస్తున్నరు?" అన్నాడు డాక్టరు, చీటీ రాస్తూ.

భిక్షం అండాలు వంక చూశాడు. అండాలే జవాబు చెప్పింది.

"ఆయన వంతు వచ్చినప్పుడు సార్."